తొక్కుడు కర్రల వాద్యం

పదిహేను రోజుల్లో వడ్ల రామలింగం చేయవలసిన పనులు ఇవి. కొండల్ బండి చక్రానికి రెండు ఆకు కర్రలు మార్చాలి. పటేలు నాగలికి కొత్త మేడి వేయాలి. మూడు గుంటకలు సరిచేయాలి. సూర్యాపేటకు పోయి తంబూర తీగెలు తేవాలి. టేకు పలకను చిత్రిక పట్టి సన్నం చేయాలి. తీగెలు చుట్టే బిరడలు ఆరు, కాళ్ళతో తొక్కే కర్రలు రెండు చెక్కాలి. జానయ్యను కూర్చోబెట్టి ఎత్తు సరిచూడాలి. అంతా అయ్యాక ఆ వాద్యాన్ని మిర్యాలగూడకు చేర్చాలి. జానయ్యకు ఒక మాట చెప్పాలి.

ఆ చివరి పని ఐదు నెలల నుంచి అలాగే ఉంది.

జానయ్య అదే ఊళ్ళో గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడు. మిర్యాలగూడ యక్షగాన మేళంలో ఫిడేలు వాయించేవాడు. గరిడేపల్లి దారిలో అతను తోలుతున్న బండి చక్రం శ్రావణ మాసంలో ఊడిపోయింది. బండి ఒరిగి ఎడమ చేయి కింద పడింది. బొటనవేలు, చూపుడువేలు తప్ప మిగతా మూడు పోయాయి. ఊరంతా జానయ్యనే తప్పు పట్టింది. బండి కట్టేముందు కడచీల చూసుకోవద్దా అన్నారు. జానయ్య కూడా తన తప్పే అనుకున్నాడు.

అసలు సంగతి రామలింగం ఒక్కడికే తెలుసు. చక్రం ఇరుసు నుంచి జారకుండా ఆపే ఆ ఇనుప చీల అరిగిపోయిందని ముందురోజు తీసేసింది అతనే. కొత్తది కొట్టివ్వడానికి కమ్మరి ఊళ్ళో లేడు, రజాకార్ల భయానికి కృష్ణ దాటిపోయాడు. ఈ పూటకు ఆగుతుందిలే అని తుమ్మకర్రతో చీల చెక్కి దిగగొట్టాడు. ఆ మాట జానయ్యకు చెబుదామనుకున్నాడు. ఇంతలో ఎవరో తలుపు బిగించాలని పిలిస్తే పోయాడు, మరిచాడు.

రామలింగం చేసిన వస్తువు విరగదని చుట్టుపక్కల పేరు. ఎవరైనా ఆ మాట అన్నప్పుడల్లా అతను బాడిస పక్కన పెట్టి, పని లేకపోయినా లేచి దొడ్లోకి పోయి వచ్చేవాడు.

దసరా అయ్యాక కోదాడలో బెజవాడ నాటకం కంపెనీ ఒకటి డేరా వేసింది. స్టేజీ పలకలు బిగించడానికి పోయిన రామలింగం అక్కడ ఒక వాద్యాన్ని చూశాడు. ఒకాయన దాన్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, తీగెల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయిస్తున్నాడు.

"దీన్ని హవాయి గిటారంటారండి. వేళ్ళతో నొక్కక్కర్లేదు. కడ్డీ జరుపుకుంటే చాలు" అన్నాడాయన.

"రెండు వేళ్ళతోటి పట్టుకోవచ్చునా?"

"రెండుంటే బోలెడండి. ఏం, మీరు నేర్చుకుంటారా?"

"నేను కాదు" అన్నాడు రామలింగం. దుమ్ము తుడుస్తున్నట్టుగా దాని పక్కన కూర్చుని, జానలతో పొడవు కొలుచుకుని వచ్చాడు.

ఆ సంగతి చెబితే జానయ్య మొదట నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. "కడ్డీ జరిపితె అన్ని తీగెలు ఒక్కసారే జరుగుతయ్ గద బావా. నాకొక తీగె ఆగాలె, ఇంకోటి లేవాలె. ఫిడేలు మీదైతే వేళ్ళు జేసేటియి ఆ పని" అన్నాడు.

రామలింగానికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు సాలోళ్ళ ఇంట్లో మగ్గానికి పలక బిగిస్తూ నేతగాని కాళ్ళ వంక చూశాడు. కాలితో కింద కర్ర తొక్కితే పైన దారాల వరస లేస్తుంది. వేళ్ళు చేయలేనిది కాళ్ళు చేస్తే సరి. అక్కడే నేల మీద బొగ్గుతో బొమ్మ గీశాడు.

అలా తయారైంది మొదటిది. నాలుగు కాళ్ళ మీద నిలబడే పొడవాటి పెట్టె, కింద రెండు తొక్కుడు కర్రలు. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడినా చెక్కుచెదరదు. జానయ్య పాత ఫిడేలు తీగె ఒకటి దానికి బిగించి మీటాడు. గోడను తట్టినట్టు వినిపించింది.

"రెండెడ్లను కట్టు బావా. మిర్యాలగూడ దాక పోతది" అన్నాడు జానయ్య.

నవ్వుతూనే అన్నాడు కానీ అతనికి తొందర ఉంది. మేళం పెద్ద మట్టయ్య మాఘమాసంలో పెద్దగట్టు జాతరకు ఆట ఒప్పుకున్నాడు. అమావాస్యలోపు వచ్చి వాయించి చూపితే జానయ్య చోటు జానయ్యదే. లేకపోతే కోదాడ నుంచి ఇంకొకర్ని తెచ్చుకుంటానని కబురు పెట్టాడు. ఈ మాట వచ్చిన నాటికి పదిహేను రోజులే మిగిలాయి.

రామలింగం నాగళ్ళు పక్కన పడేశాడు. భార్య రాములమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది. "వాకిట్లకొచ్చి అడుగుతున్నరు జనం. నువ్వేమో పెట్టెకు కాళ్ళు వెడుతున్నవ్. ఏం రోగం నీకు?"

"సూర్యాపేట పోయొస్త" అన్నాడతను. అదే జవాబు.

సూర్యాపేటలో తీగెలు దొరికాయి. తేవడమే కష్టమైంది. కమ్యూనిస్టు సంఘపోళ్ళు టెలిఫోను తీగెలు కోస్తున్నారని మిలిటరీ వాళ్ళు దారి పొడుగునా సోదా చేస్తున్నారు. రామలింగం తీగెల చుట్టను రుమాలు మడతల్లో పెట్టి తలకు చుట్టుకున్నాడు. మోతె దగ్గర సిపాయి బస్సెక్కి సంచి దులిపించాడు, ఉలి తీసి చూశాడు, తల వంక చూడలేదు. దిగేసరికి రామలింగం నుదుటి మీద తీగె గీసుకున్న ఎర్రటి గీత ఉంది.

ఇక పెట్టె మీది పలక. సన్నగా ఉంటేనే మోగుతుందని జానయ్య చెప్పాడు. రామలింగం చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. వేలెడు మందం అర వేలయింది. అక్కడ చేయి ఆగింది. ఇరవై ఏళ్ళుగా ఆ చేయి బరువు మోసే వస్తువులే చేసింది. ఇంకా తీస్తే పగులుతుందని దానికి తెలుసు.

"తియ్ బావా, ఇంక తియ్" అన్నాడు జానయ్య. ఎత్తు సరిచూసుకోవడానికి వచ్చి పీట మీద కూర్చుని, తొక్కుడు కర్ర మీద పాదం పెట్టుకుని ఉన్నాడు. "నువ్వు జేస్తె ఇరగదు. ఊరందరికెర్కనాయె."

రామలింగం చిత్రిక కింద పెట్టాడు. "ఇరిగింది" అన్నాడు. "నీ బండి చీల. నేను తుమ్మకట్టెది వెట్టిన. నీకు చెప్పలె."

జానయ్య తొక్కుడు కర్ర మీది నుంచి పాదం తీశాడు. కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. అమావాస్యకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. రామలింగం వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగాడు. కొండల్ బండి ఆకు ఒకటి తప్పుగా కోసి పారేశాడు. పనిముట్లన్నీ నూరిపెట్టి, మళ్ళీ నూరాడు. వాయించేవాడే లేనప్పుడు ఈ పెట్టె ఎందుకని గొడ్డలి దాకా పోయి వచ్చాడు.

మూడోరోజు పొద్దున జానయ్య భార్య చంద్రమ్మ వచ్చింది. చేతిలో గొర్రె పేగుతో పేనిన తాడు చుట్ట ఉంది.

"చెప్పినవ్. నీ బరువు దిగింది. ఇప్పుడది ఆయనకెక్కిచ్చినవ్" అంది.

"చెల్లె..."

"చెల్లె లేదు గిల్లె లేదు. ఆయన తిండి తింటలేడు, గొర్లెంబడి తిరుగుతుండు. పని ఆపినవా?"

"కొలతకు మనిషి లేడు."

"పదేండ్ల సంది సూస్తున్న ఆయన కాళ్ళు. నా కాళ్ళకన్న రెండు వేళ్ళు పెద్దవి. నేను గూసుంట, నువ్వు రెండు వేళ్ళు కలుపుకో. తొక్కుడు కర్రలకు గట్టిన గీ నూలు తాడు తీసెయ్. పది మాట్ల తొక్కితె సాగుతది. పేగు సాగది."

చంద్రమ్మ పీట మీద కూర్చుంది. రామలింగం పలకను మళ్ళీ పట్టాడు. అర వేలు పావు వేలయింది. చేయి వద్దంటున్నా తీశాడు. చాలనిపించాక ఇంకొక్క పొర తీశాడు.

తీగెలు బిగించాక అసలు చిక్కు మొదలైంది. కర్ర తొక్కితే తాడు లాగి తీగె స్వరం లేస్తుంది, ఎంత లేవాలో రామలింగానికి తెలియదు. అతనికి స్వరం రాదు. చంద్రమ్మ మేళంలో ఎన్నడూ పాడలేదు, కానీ జానయ్య ఇంట్లో వాయించిన ప్రతి పాటా ఆమె నోట ఉంది. ఆమె పాడింది. పాడుతూ తొక్కింది. "ఇంక జర. ఊహూ, ఎక్కువైంది. దించు" అంటుంటే, కర్ర ఆగే చోట అతను చిన్న మేకు దించాడు, తీశాడు, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ దించాడు. రెండు రోజులు అదే పని. ఆమె గొంతు బొంగురుపోయింది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని మళ్ళీ పాడింది. చివరికి పలక మీద లక్క పూసి, కొబ్బరి పీచుతో రుద్ది పని ముగించారు.

అమావాస్య ముందురోజు తెల్లవారుతూనే బండి కట్టారు. పెట్టె గడ్డిలో, పక్కన చంద్రమ్మ. ఊరు దాటాక రామలింగం వెనక్కి చూస్తే, బండికి నూరు గజాల దూరంలో జానయ్య నడిచి వస్తున్నాడు.

బండి ఆపాడు. జానయ్యా ఆగాడు.

"తోలు అన్నా. నీ బండి ఎక్కనన్నడు" అంది చంద్రమ్మ.

పది కోసుల దారి. ఆ దూరం తగ్గలేదు, పెరగలేదు. రామలింగం మాటిమాటికీ దిగి రెండు చక్రాల కడచీలలు తడిమి చూసుకున్నాడు.

మిర్యాలగూడలో మట్టయ్య పెట్టె చుట్టూ తిరిగాడు. "ఇదేం మంచమయా? వాయించేటోడేడీ?"

జానయ్య గడప అవతలే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. చంద్రమ్మ పైట చెంగు నడుముకు దోపుకుని పీట మీద కూర్చుంది. ఇనుప కడ్డీ పట్టుకుంది.

"ఆడమనిషి వాయిస్తదా మేళంల?" అన్నాడు మట్టయ్య.

"ముందు ఇను. తర్వాత నవ్వుదువు" అందామె.

మొదటి తీగెకే గది నిండింది. రామలింగం గోడకు ఆనుకున్నాడు. పలక మోగుతోంది. కానీ రెండో చరణంలో ఆమె కాలు వెనకబడింది, స్వరం పక్కకు జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. మట్టయ్య లేవబోయాడు.

"కాలు ముందుగాల, చెయ్యి వెనుక" అంది గడప అవతల గొంతు. ఆమె ఇంకోసారి తప్పింది. జానయ్య ఇక ఉండలేకపోయాడు. లోపలికి వచ్చి, భార్య భుజం మీద చెయ్యి వేసి లేపాడు. కూర్చున్నాడు. పాదాలు రెండూ కర్రల మీద సరిగ్గా అమరాయి. రెండు వేళ్ళతో కడ్డీ పట్టుకున్నాడు.

అతను ఎంతసేపు వాయించాడో ఎవరూ చూసుకోలేదు. ఆపాక మట్టయ్య, "జాతరకు నాలుగు రోజుల ముందే రా" అని మాత్రం అన్నాడు.

జానయ్య రామలింగం మొహం చూడలేదు. కింది కర్రల వంక చూస్తూ, "కుడి పక్కది కిర్రుమంటది. జాతర్లోపు వచ్చి సూడు" అన్నాడు.

"వస్త" అన్నాడు రామలింగం.

జాతర్లోపే కాదు, ఆ తర్వాత పదకొండేళ్ళు ఏటా రెండుసార్లు పోయాడు. చీల సంగతి ఊళ్ళో కూడా తనే చెప్పుకున్నాడు. కొన్ని ఇళ్ళవాళ్ళు నాగళ్ళు వేరే ఊరికి పంపారు. జానయ్య మాత్రం అతని బండి ఎన్నడూ ఎక్కలేదు, అతన్ని తప్ప ఇంకెవరినీ ఆ వాద్యం ముట్టనివ్వలేదు.

మిర్యాలగూడ వైపు ముసలివాళ్ళను అడిగితే జానయ్య వాయింపు గురించి చెబుతారు. కొందరు దాన్ని చేసిన వడ్ల రామలింగం పేరూ చెబుతారు. రెండు రోజులు గొంతు పోయేదాకా పాడి, ఆ ఆరు తీగెలకూ వాటి స్వరం చూపించిన మనిషి పేరు ఎవరూ చెప్పరు. ఇది చదివిన మీరైనా చంద్రమ్మను గుర్తుంచుకోండి.