ట్యాంకర్ మీంచి దూకినవాడు

నేను ఒక సినిమా హాలు కుర్చీని. సికింద్రాబాద్‌లో ఒక పాత హాలు బాల్కనీలో ఉంటాను. ముషీరాబాద్ షెడ్డులో ఇనుప గొట్టాలు వంచి, కొబ్బరి పీచు కుక్కి, ఎర్ర రెక్సిన్ తొడిగి నన్ను తయారుచేశారు. ఆ తర్వాత రెక్సిన్ మారింది, పీచు పోయి స్పాంజి వచ్చింది. కూర్చునేవాళ్ల తీరు మాత్రం మారలేదు. డబ్బిచ్చి లోపలికొచ్చి చీకట్లో ఏడుస్తారు. లైట్లు వెలగగానే కంట్లో నలుసు పడ్డట్టు తుడుచుకుంటారు. కథ నచ్చితే కదలకుండా కూర్చుంటారు. నచ్చకపోతే ముందుగా తెలిసేది నా స్ప్రింగులకే.

పోయిన వేసవిలో ఒక కొత్త సినిమా వచ్చింది. లోకంలో నీళ్లన్నీ ఇంకిపోయి, నగరాలు ఇసుకలో పూడిపోయాక, మిగిలిన మనుషులు ఒక నీళ్ల ట్యాంకర్ కోసం కొట్టుకు చావడం అందులో కథ. ఆదివారం మ్యాట్నీకి నాలో కూర్చున్నది కొమురేశ్. సినిమాల్లో ఫైటర్. హీరోకు బదులు దూకడం, పడడం అతని పని. కుడికాలు మడవలేక ముందు కుర్చీ కిందికి చాపుకున్నాడు. ఒక పక్క భార్య స్వరూప, మరో పక్క మామ రాజేశం.

వాళ్ల మాటల్లోనే సంగతంతా తెలిసింది. ఈ సినిమాలో, మండుతున్న ట్యాంకర్ మీంచి హీరో దూకే చోట దూకింది కొమురేశే. అట్టపెట్టెల మీద పడాల్సినవాడు పక్కనున్న రాళ్ల మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఇక ఫైట్లు కుదరవన్నారు డాక్టర్లు. "గిదేం పని, గిదేం బతుకు" అని మామ సణిగినప్పుడల్లా, "ఆ షాటు రానియ్ మామా, అప్పుడు మాట్లాడు" అంటూ ఈ రోజు కోసమే ఎదురుచూశాడు.

"నువ్వెప్పుడొస్తవ్?" అని రాజేశం మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు.

"ఇంటర్వెల్ అయినంక. సప్పుడు చెయ్యకు."

ఆ దృశ్యం రానే వచ్చింది. కొమురేశ్ నా చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. స్వరూప భయంతో కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. తెర మీద ట్యాంకర్ భగ్గుమంది. హీరో గాల్లోకి లేచి, పల్టీలు కొట్టి, కత్తి దూస్తూ పిల్లిలా నేల మీద వాలాడు. హాలంతా ఈలలు.

కొమురేశ్ ఒక్కసారిగా ముందుకు వంగాడు. "గిది నేను గాదు."

"ఏందిరా?"

"నేను గాదు మామా! కంప్యూటర్ల చేసిండ్రు. మనిషి గట్ల పడుతడా? దుమ్ము గూడ లేవలే!"

"ఓ అన్నా, సినిమా చూడనియ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

స్వరూప కొంగు తియ్యకుండానే అడిగింది. "అయిపోయిందా? దెబ్బ తాకింది గూడ చూపించిండ్రా?"

రాజేశం కూతురి వైపు వంగి, "అయిపోయింది బిడ్డా. మస్తు దుంకిండు నీ మొగడు" అన్నాడు.

ఆ జాలి కొమురేశ్‌ను ఇంకా మండించింది. "అబద్ధమెందుకు మామా? నేను లేను. నా షాటు తీసేసిండ్రు." నా చెయ్యి మీద గుద్దాడు. దాని మీది చెక్క చీలింది.

స్వరూప కొంగు దించి అతని ముఖం వైపు చూసింది.

ఆ తర్వాత అతను చూసిందేమీ లేదు, తిట్టడం తప్ప. "ఇసుకల గంత సేపు ఉరికితె పెదిమెలు పగులుతయ్. వీనివి చూడు, ఎట్ల మెరుస్తున్నయో! నీళ్ల కోసం ఊరందర్ని సంపిండు, ఒక్క గుక్కన్న తాగిండా?" స్ప్రింగులు కిర్రుమంటూనే ఉన్నాయి.

చివరికి తెర మీద వాన కురిసింది, లోకం బాగుపడింది, జనం లేచారు. కొమురేశ్ లేవలేదు. "పేర్లు పడుతయ్. పేరన్న ఉంటది" అన్నాడు. పేర్లు మొదలయ్యాయో లేదో, తెర ఆరిపోయింది. హాలువాళ్లకు తర్వాతి ఆట తొందర.

రాజేశం లేచి ప్రొజెక్టర్ గది వైపు తిరిగాడు. "ఓ తమ్మీ! పేర్లు గూడ వెయ్యి!"

"నడువుండ్రి పెద్దాయినా, లేటైతది" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

"నడువం. ఈ సినిమాకే కాలిరగ్గొట్టుకున్నడు మా అల్లుడు. పేరు చూసినంకనే లేస్తం."

గేటు మనిషి ఆ చాచిన కాలు వైపు చూశాడు. ఏమనుకున్నాడో, పేర్లు వెయ్యమని ప్రొజెక్టర్ గది వైపు చెయ్యి ఊపాడు.

ఖాళీ హాల్లో పేర్లు పైకి పాకాయి. వంటవాళ్లవి, డ్రైవర్లవి, కంప్యూటర్లవాళ్లవి తెర నిండా. స్వరూప గట్టిగా చదువుతోంది. పోరాటాల దగ్గరికి వచ్చేసరికి ఫైట్ మాస్టర్ పేరు చదివి, "మరియు బృందం" అని ఆగిపోయింది.

"బృందం అంటే ఎవరమ్మా?" అడిగాడు రాజేశం.

"నేనే మామా" అన్నాడు కొమురేశ్.

బిగుసుకుపోయిన కాలితో లేవలేకపోతే, చెరో పక్కా చెయ్యి వేసి నాలోంచి లేపారు. తలుపు దగ్గర రాజేశం గొంతు వినిపించింది. "ట్యాంకర్ మీదికెల్లి దుంకింది మా అల్లుడే. నిజంగ దుంకిండు."

"ఆపు మామా, ఇజ్జత్ పోతది!" అని కొమురేశ్ కసురుకున్నాడు.

ఆయన ఆపలేదు. తర్వాతి ఆటకు ఎక్కి వస్తున్నవాళ్లలో ఎదురైన ప్రతి ఒక్కరికీ చెబుతూనే మెట్లు దిగాడు.