పగటిపూట పోయే సిగ్నల్

నేను ఇంట్లో ఉంటే సిగ్నల్ ఉంటుంది. పనిలోకి వచ్చి కూర్చున్నానో లేదో పోతుంది. ఇంత పక్షపాతమున్న యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

మా నడవాలో గోడకు బిగించిన పెద్ద బ్యాటరీ ఉంది. కరెంటు పోతే అత్తయ్య ఆక్సిజన్ మిషన్ దానిమీదే నడుస్తుంది. ఛార్జి ఎంతుందో నా ఫోన్‌లో కనబడాలి. అది అడుగంటితే సిలిండర్‌కి మార్చాలి. ఆ సిలిండర్ మర తిప్పే బలం ఆవిడ వేళ్ళలో లేదు. మా ఆయన ఓడలో వంటవాడు, ఏడాదిలో సగం నీళ్ళమీదే. కాబట్టి తిప్పాల్సింది నేనే.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబడతాను. ఒక కన్ను అద్దం మీద, ఒక కన్ను ఫోన్ మీద. ‘ఆఫ్‌లైన్’ అని కనబడగానే చేతిలో పని ఆపేసేదాన్ని. ఇంటికి ఫోన్ చేసి, బ్యాటరీ మీద ఎన్ని లైట్లు వెలుగుతున్నాయని అడిగితే, “నా కళ్ళకి ఆనడం లేదమ్మాయ్” అనేవారు అత్తయ్య. ఇంకేం చేస్తాను, భోజనాల వేళ ఇంటికి పరుగు. తీరా వెళ్తే అంతా నిక్షేపంగా ఉండేది. నేను వెంట తెచ్చుకున్న భోజనం డబ్బా విప్పగానే ఆవిడ తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చునేవారు. తిరిగి వెళ్ళేసరికి ఆలస్యం. యజమానురాలు మొదట మూతి ముడిచింది, తరవాత గడియారం చూపించింది, చివరికి ఇంకోసారి ఇలా వెళ్తే తిరిగి రానక్కర్లేదని తేల్చేసింది.

సెలవు రోజున ఇక లాభం లేదని పట్టుబట్టి కూర్చున్నాను. రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాను. బ్యాటరీ కంపెనీకి ఫోన్ చేస్తే, సంగీతం వినిపించి వినిపించి చివరికి ఒకావిడ పలికింది.

“ఇప్పుడు సిగ్నల్ ఉందా మేడమ్?”

“ఇప్పుడుంది.”

“మరి సమస్యేంటండీ?”

“నేను బయటికెళ్తే పోతోంది.”

సమస్య నాలోనే ఉందనుకుని ఉంటుంది. “మొదటిసారి పోయినప్పుడు చెప్పాం కదండీ, బ్యాటరీ యాంటెన్నా పక్కన స్టీలు సామాను పెట్టొద్దని. పెట్టలేదు కదా?” అంది.

పెట్టలేదు. అప్పుడు పొరపాటున ఆనించిన స్టీలు పళ్ళేన్ని ఆరోజే తీసేశాను. అప్పటి ఆ మాటలు స్పీకర్లో నాతోపాటు విన్నది అత్తయ్య ఒక్కరే. నాకు తట్టలేదు. అలసిపోయిన బుర్రకి ఏం తడుతుంది?

మర్నాడు సగం దారిలో గుర్తొచ్చింది, భోజనం డబ్బా మర్చిపోయానని. నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. తలుపు తీసేసరికి అత్తయ్య నడవాలో ఉన్నారు. ముక్కు దగ్గరి గొట్టం వెనక గదిలోంచి సాగినంత మేరా సాగి ఉంది. రెండు చేతులతో ఒక పెద్ద స్టీలు గిన్నె తీసుకుని, బ్యాటరీ మీది చిన్న యాంటెన్నా మీద బోర్లిస్తున్నారు.

నా ఒళ్ళు మండిపోయింది.

“ఏం పనండీ ఇది? నిజంగానే ఛార్జి అయిపోతే నాకెలా తెలుస్తుంది?”

“తెలియకపోతే వస్తావుగా” అన్నారావిడ, గిన్నె వదలకుండా.

“వస్తే నా ఉద్యోగం పోతుంది అత్తయ్యా!”

“అంత మాట అన్నారా? నాకెప్పుడు చెప్పావు?”

చెప్పలేదు. బెంగపడతారని దాచాను. ఆవిడ గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నారు.

“పొద్దస్తమానం ఆ మిషన్ బుస తప్ప ఇంకో చప్పుడు ఉండదమ్మాయ్. నువ్వొస్తే నాలుగు మెతుకులు ఎక్కువ దిగుతాయి. అంతే.”

కోపం ఎటు పోయిందో తెలియదు, నీరసం మాత్రం మిగిలింది. ఆవిడే గిన్నె తీసి, వంటింట్లో పెట్టమని నా చేతికిచ్చారు. దాన్ని ఎప్పుడూ ఉండే చోటే పెట్టి, డబ్బా తీసుకుని వచ్చేశాను.

భోజనాల వేళకి ఫోన్ చూస్తే ఆఫ్‌లైన్.

నిలబడ్డాను. యజమానురాలు తలెత్తి చూసింది. కాళ్ళు తలుపు దాకా వెళ్ళాయి గానీ, చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. వెళ్తే జీతం లేదు. వెళ్ళకపోతే, ఈసారి నిజంగా ఏమైనా అయితే? ఇంటికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. గడియ తీశాను.

అప్పుడే ఫోన్ కుయ్యిమంది. సిగ్నల్ వచ్చింది. బ్యాటరీ నిండుగా ఉంది.

మరుక్షణంలో అత్తయ్య ఫోన్. ఆయాసపడుతున్నారు.

“తీసేశాను అమ్మాయ్. పెట్టాను గానీ, మళ్ళీ నేనే తీసేశాను. బయల్దేరలేదు కదా?”

“లేదు” అన్నాను, తలుపు మూసి. “కంచం తెచ్చుకోండి అత్తయ్యా. నేనూ డబ్బా విప్పుతాను. ఫోన్ పెట్టెయ్యకండి.”