కృప కడుపులో రాళ్లు

ఎమ్మిగనూరులో అందరికీ తెలిసిన సంగతి ఒకటే. టైలరు కృపకు కడుపులో రాళ్లు, ఆదోనిలో ఆపరేషన్. అసలు రాళ్లే లేవని తెలిసినవాళ్లు నలుగురు: కృప, మొగుడు ప్రేమ్ కుమార్, కూతురు రాణి, యేసేపు.

రాళ్ల మాట పుట్టించింది యేసేపే. చర్చిలో సంఘపెద్ద, ఆదోని ఆసుపత్రిలో ఉద్యోగం. పేషెంట్లను తీసుకురావడం, ఇన్సూరెన్సు కాగితాలు నడపడం ఆయన పని. కృప నూట పద్దెనిమిది కిలోలు. షుగరు ముదిరింది, మోకాళ్లు పోయాయి, మిషను తొక్కలేక మోటారు పెట్టించుకుంది. బరువు తగ్గే ఆపరేషన్ ఉందని, ప్రేమ్ కుమార్ పనిచేసే స్పిన్నింగ్ మిల్లు ఇన్సూరెన్సు భార్యకూ వర్తిస్తుందని, చేతినుంచి రూపాయి పడదని చెప్పింది ఆయనే.

"ఒళ్లు తగ్గేదానికి కోయించుకుంటాండాదంటే ఊరి నోళ్లు ఊరుకోవు సెల్లెమ్మా. రాళ్లని సెప్పుకో" అన్నాడు.

కృపకు ఆ మాట నచ్చింది. తినడం మానలేక కోయించుకుందనిపించుకోవడం కన్నా రాళ్లే నయం. ఆపరేషన్‌కు ముందు అలాగే ఉండాలన్నారని రెండు వారాలు పప్పుకట్టు, మజ్జిగ తాగి ఉగ్గబట్టుకుంది. ఇన్సూరెన్సు అనుమతి వచ్చింది.

శుక్రవారం పొద్దున ఆపరేషన్ చేసే డాక్టరు బెంగళూరు నుంచి వచ్చి ఆదోనిలో రైలు దిగాడు. కృప ఆకుపచ్చ గౌను వేసుకుని, చేతికి సూదితో ఆసుపత్రి మంచం మీద ఉంది. అప్పుడు యేసేపు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

డాక్టరు ఫీజు వేరే, ఎనభై వేలు అన్నాడు. ఇన్సూరెన్సు ఇచ్చేది మంచానికి, థియేటరుకు, మందులకేనట. డాక్టరు బయటి మనిషి కాబట్టి ఆయనకు నగదు ముందే కట్టాలట. కట్టకపోతే సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చేసరికి అనుమతి గడువు దాటిపోతుంది. ముందే ఎందుకు చెప్పలేదని ప్రేమ్ కుమార్ అడిగితే, ఇది అందరికీ తెలిసిందే కదన్నాడు.

వాళ్ల దగ్గర ఆ మాత్రం డబ్బు ఒక్కచోటే ఉంది, బ్యాంకులో. రాణి నర్సింగ్ కాలేజీ ఫీజు, సోమవారం కట్టాలి. ఆ సంగతి యేసేపుకు బాగా తెలుసు. సీటు వచ్చినరోజు ఇంటికొచ్చి ప్రార్థన చేసింది ఆయనే.

ప్రేమ్ కుమార్ పాస్‌బుక్కు జేబులో పెట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. రాణి గోడవైపు తిరిగి నిలబడింది. మొగుడు తిరిగొచ్చి ఆ కట్ట యేసేపు చేతిలో పెడితే కూతురి చదువు అయిపోయినట్టేనని కృపకు అర్థమైంది. ఎవరికైనా చెప్పుకుందామంటే ఏమని చెప్పుకోవాలి? ఫీజు సంగతి చెప్పాలంటే ముందు ఆపరేషన్ సంగతి చెప్పాలి. యేసేపు ధైర్యమంతా అక్కడే ఉంది.

ఆ ధైర్యంలోనే పొరపాటు చేశాడు.

శుక్రవారం ఎమ్మిగనూరు చర్చిలో ఉపవాస ప్రార్థన. సంఘంలో ఎవరు ఆపరేషన్‌కు పోతున్నా ఫోను కలిపి అక్కడ మైకు ముందు పెడతారు. రోగి తన అవసరత తన నోటితో చెప్పుకోవాలి, సంఘమంతా ప్రార్థించాలి. ఆమెన్ అనేదాకా ఫోను పెట్టేయడమన్నది లేదు. యేసేపు ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఒక్కో ప్రార్థన తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమకూ ఆపరేషన్ చేయించమని చాటుగా వచ్చి ఆయన్ను కలిసేవాళ్లు మరి. అలవాటుగానే ఫోను కలిపి, స్పీకరు పెట్టి, కృప నోటి ముందు పట్టుకున్నాడు.

"అమ్మా కృపా, నీ అవసరత ఏందో సెప్పు తల్లీ" అన్నాడు సామ్సన్ పాస్టరు.

అటువైపు ఫ్యాను చప్పుడు, ఎవరి బిడ్డదో ఏడుపు. చాపల మీద కూర్చున్న మనుషులంతా కృప కళ్లముందు కనిపించారు. అందరి జాకెట్ల కొలతలూ ఆమెకు తెలుసు. ఇప్పుడు తన కొలత వాళ్లకు తెలుస్తుంది.

"పాస్టరయ్యా, నాకు రాళ్లు లేవు" అంది. "ఒళ్లు తగ్గేదానికి ఆపరేషను. సిగ్గుపడి అబద్ధం సెప్పినా. ఇన్సూరెన్సు అంతా ఇస్తాదని యేసేపన్న అన్నాడు. ఇప్పుడు థియేటరు ముందర పండబెట్టి డాక్టరుకు ఎనభై వేలు వేరే అంటాండాడు. రాణి కాలేజీ దుడ్లు తెచ్చేకి వాళ్ల నాయన బ్యాంకుకు పోయినాడు. అదే నా అవసరత."

యేసేపు బొటనవేలు ఫోను పెట్టేసే ఎర్ర గుర్తు మీదికి వెళ్లి ఆగింది. నొక్కితే ప్రార్థన మధ్యలో తెంపింది ఎవరో సంఘమంతటికీ తెలిసిపోతుంది.

అవతల వినిపించింది పాస్టరు గొంతు కాదు, సువార్తమ్మది. నిరుడు రాళ్ల ఆపరేషన్ చేయించుకుని సగమైన మనిషి. ఆమె జాకెట్లన్నీ రెండుసార్లు చిన్నవి చేసింది కృపే, ఆ రాళ్ల మాట నమ్మింది కూడా.

"మైకు ఇట్లియ్యి పాస్టరయ్యా. కృపా, నావీ ఆ రాళ్లేనే. నేనూ కట్టినా, కమ్మలమ్మి. యాడ సెప్పుకునేది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకాలే ఒక ముసలమ్మ గొంతు. "యేసేపూ, వచ్చే నెల మా కోడలికీ రాళ్లే అంటివి కదప్పా?"

పాస్టరు గొంతు మారలేదు. "యేసేపూ, సంఘమంతా ఈడనే కూసోని ఉండాది. ఆయమ్మకు జవాబు సెప్పు. అందాకా ఆమెన్ సెప్పేది లేదు."

యేసేపు ఫోను మంచం మీద పెట్టి, మేనేజరు గదిలోకి పోయాడు. గోడ అవతల మేనేజరు గొంతు లేచింది, తర్వాత తగ్గింది. ఒక్క ఫీజు కోసం పట్టుబడితే ఎమ్మిగనూరు నుంచి ఇక ఒక్కరూ రారన్న లెక్క ఇద్దరికీ తెలిసినదే. చర్చిలో పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేలోపే యేసేపు తిరిగొచ్చాడు, మెడ తుడుచుకుంటూ.

"సర్దుబాటయింది" అన్నాడు మెల్లగా.

"నాకు కాదన్నా. మైకుకు సెప్పు."

చెప్పాడు. ఇన్సూరెన్సు ఇచ్చినదే డాక్టరు తీసుకుంటాడని, వేరే ఫీజు లేదని. సువార్తమ్మ కమ్మల సంగతి ఆదివారం పెద్దల ముందు మాట్లాడదామన్నాడు పాస్టరు. ఆ తర్వాతే ప్రార్థన చేశాడు, ఆమెన్ అన్నాడు.

రాణి అప్పటికే తండ్రికి ఫోను చేస్తోంది. "నాయనా, దుడ్లు తీయొద్దు... తీసేసినావా? మల్ల కట్టేసి రా."

థియేటరులో చలి. మాస్కు కట్టుకున్న డాక్టరు పేరు అడిగాడు, ఊరు అడిగాడు. మత్తు ఇచ్చేముందు పేషెంటు నోటితోనే అనిపించాలట, ఏం ఆపరేషనో చెప్పమన్నాడు.

"బరువు తగ్గేది సార్" అంది కృప. ఊరందరికీ ఒకసారి చెప్పేసిన మాట కాబట్టి, రెండోసారి తేలిగ్గానే వచ్చింది.