ఎనాక్ లావు క్రాంక్‌షాఫ్ట్

మాంచెస్టర్‌లో మా కార్ఖానా దొరల కోసం ఆరు సిలిండర్ల కార్లు తయారుచేసేది. పంతొమ్మిది వందల ఆరులో మాకు వరసగా మూడు క్రాంక్‌షాఫ్టులు విరిగాయి. పిస్టన్ల పోట్లన్నీ కాచుకుని చక్రాలను తిప్పేది ఆ వంకరటింకర ఉక్కు కడ్డీయే. మూడింటినీ లేతు మీద, అంటే ఉక్కును తిప్పుతూ చెక్కే యంత్రం మీద తీర్చింది నా పక్క లేతు మనిషి, ఎనాక్ ఎంట్‌విసిల్.

ఉక్కును ఎంత సన్నగా తీరిస్తే అంత పనిమంతుడని మావాళ్ల లెక్క. ఆ సన్నపనికి ఎనాక్ పెట్టింది పేరు. అలాంటివాడు నాలుగోదాన్ని మునుపటికన్నా అరంగుళం ఎక్కువ లావు ఉంచుతాననేసరికి షెడ్డంతా గొల్లున నవ్వింది.

"ఇది దొరగారి కారుకా, నూలు మిల్లుకా?" అన్నాడు ఫోర్‌మన్ ఆగ్డెన్.

"అది బరువుకి విరగట్లేదయ్యా. తడిబట్ట పిండినట్టు అటూ ఇటూ మెలి తిరుగుతోంది. ఆ వణుకే దాన్ని తినేస్తోంది. సన్నగా చేసి నేనే చంపాను."

"ముప్పై ఏళ్ల పేరు నీ చేత్తో నువ్వే చెడగొట్టుకుంటావా? సరే, కానీ. ఇదీ విరిగిందో, నీ పనిముట్ల పెట్టె సర్దుకో."

యాభై ఎనిమిదేళ్లవాడికి ఇంకో షెడ్డులో లేతు ఎవడిస్తాడు? అతనికన్నా నాకే ఎక్కువ భయమేసింది.

పరీక్ష రోజు ఇంజన్ను బల్లకి బిగించారు. నిమిషానికి పన్నెండు వందల చుట్లు దాటుతుంటే ఆ బల్ల గజగజలాడడం మాకు మామూలే. అందుకే దానిమీద ఎవరూ టీ మగ్గు పెట్టరు. ఎనాక్ మాత్రం అంచుదాకా పోసిన మగ్గు తెచ్చి, సరిగ్గా ఇంజను పక్కనే పెట్టాడు.

"మతి పోయిందా ముసలోడా?" అని నేనే అరిచాను.

ఇంజను అందుకుంది. వెయ్యి. పదకొండు వందలు. అందరం ఓ అడుగు వెనక్కి వేశాం. పన్నెండు వందలు. ఎప్పుడూ గలగలలాడే గోడమీది స్పానర్లు కిక్కురుమనలేదు. పద్నాలుగు వందలు. టీ మీద చిన్న అల కూడా లేవలేదు. లోపల అంత మంట, అన్ని పోట్లు. పైన ఇంత నెమ్మది! మనుషుల చేతులు ఇంతపని చేయగలవని అప్పటిదాకా నాకు తెలియదు. చర్చిలో తప్ప టోపీ తీయని ఆగ్డెన్, మెల్లగా టోపీ తీశాడు.

"పెట్టె కదపకు ఎనాక్. ఇకమీదట అన్నీ ఈ లావే," అన్నాడు.

ఎనాక్ తలూపి మగ్గు అందుకున్నాడు. ఇంజను పక్కన బొట్టు తొణకని టీ, అతని చేతిలో సగం ఒలికిపోయింది.