నాలుగో వాషరు

నేను ఒక పాత పెట్రోలు కారు ఇంజనుని. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, వాటితో పాటు కొంచెం ముక్కోపం. మీరు నన్ను చూసి ఉండరు. మనుషులు కారు కొనేటప్పుడు రంగు చూస్తారు, సీట్లు చూస్తారు, పాటలు బాగా వినిపిస్తాయో లేదో చూస్తారు. బానెట్టు ఎత్తేది కారు ఆగిపోయినప్పుడే. అందుకే నేను చూసిన ముఖాలన్నీ చిరాకు ముఖాలే.

ఇసుక మూసలో కరిగిన ఇనుము పోస్తే పుట్టాను. పుట్టీ పుట్టగానే నన్ను కోసి, తొలిచి, నునుపు చేసి ఒక కార్లో కూర్చోబెట్టారు. నా మొదటి యజమాని విజయనగరంలో బియ్యం వ్యాపారి. కారు కొన్న రోజున నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఆ తర్వాత ఆరేళ్లలో ఒక్కసారి కూడా వేళకి ఆయిలు మార్చలేదు. దిష్టి తగలకుండా చూసుకున్నాడు కానీ దుమ్ము పట్టకుండా చూసుకోలేదు. తర్వాత ఒక డ్రైవింగు స్కూలు వాళ్లు కొన్నారు. రోజూ పొద్దున్నే కొత్త కాలొకటి వచ్చి క్లచ్చి మీద ఎగిరి దూకేది. అక్కడ నేను వందల మందికి నేర్పాను. నేను నేర్చుకున్నది మాత్రం ఒకటే. కొత్తగా నేర్చుకునేవాళ్లంటే భయం.

మూడో మనిషి నూకరత్నం. కొండల అడుగున ఉన్న ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఘాట్ రోడ్డు ఎక్కి పైగూడేలకి వెళ్లి, నెలలు నిండినవాళ్లని కిందికి తీసుకురావడం ఆమె పని. అంబులెన్సు వచ్చేలోపు పురుడే వచ్చేస్తోందని సొంత డబ్బుతో నన్ను కొంది. ఆవిడతో పాటు ఉండే తల్లి సన్యాసమ్మ ఆరోజు నా చుట్టూ ఒకసారి తిరిగి, "దీని కంటే నానే బాగా ఎక్కుతాను కొండ" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయితే అది నిజమేనని తర్వాత తేలింది.

ఒక ఏడు వానాకాలంలో పైగూడెం నుంచి జమున అనే అమ్మాయిని దింపాలని వెళుతున్నాం. ఏడో మలుపు దగ్గర నాకు ఊపిరి ఆడలేదు. నూకరత్నం మొదటి గేరు వేసింది, దణ్ణం పెట్టింది, తిట్టింది. నేను కదల్లేదు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని పరుగున కొండ ఎక్కింది. గూడెం చేరేసరికి ఆలస్యం అయిపోయింది. జమున బతికింది. బిడ్డ దక్కలేదు. తిరిగి వచ్చి నూకరత్నం స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ బరువు నాదేనని నాకు తెలుసు.

మరుసటి ఏడు జమునకి మళ్లీ నెలలు నిండసాగాయి.

నూకరత్నం నాలుగు షెడ్లు తిరిగింది. ఒకడు అమ్మెయ్యమన్నాడు. ఒకడు ఇంజనే మార్చెయ్యాలన్నాడు. మిగిలిన ఇద్దరూ ఆవిడని వదిలేసి, "మీ ఆయన్ని పంపండి, మాట్లాడతాం" అన్నారు. ఆవిడకి మొగుడు లేడు, ఓపికా లేదు. నేరుగా వెళ్లి బస్సు డిపోలో పనిచేసి రిటైరైన గవరయ్య మేస్త్రిని పట్టుకొచ్చింది. ఆయన నన్ను రెండు నిమిషాలు విని, "రింగులు అరిగిపోయాయి, వాల్వులు కారుతున్నాయి. హెడ్డు కొంచెం చెక్కించి, పెద్ద కార్బొరేటరు ఏస్తే లాగుద్ది. అయితే నాకు సేతులు వణుకుతాయి నర్సమ్మా. నోరు నాది, సేతులు నీయి" అన్నాడు.

"నాకు స్పానరు పట్టుకోవడం రాదు మేస్త్రిగారూ."

"సూది పట్టుకోవడం వచ్చు కదా. అదీ ఇదీ ఒకటే, బరువే తేడా."

నన్ను విప్పబోయేది సూదులు వేసే మనిషి, అదీ మొట్టమొదటిసారి. మేస్త్రి కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతూ ఉంటాడట. డ్రైవింగు స్కూల్లో క్లచ్చి తొక్కిన కాళ్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

పని కేంద్రం వెనక రేకుల షెడ్డులో మొదలైంది. నూకరత్నం తెల్లటి దుప్పటి పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ వరసగా పేర్చింది. మందుల కాగితపు కవర్లలో నట్లు వేసి, పొద్దున్న రెండు, రాత్రి ఒకటి అని రాసే చోట 'ముందు వైపు, ఎడమ' అని రాసింది. ప్రతి వస్తువునీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించింది. గవరయ్య నవ్వాడు. "ఇంజను ఇప్పుతున్నావా, ఇస్తరాకులు ఏస్తున్నావా" అన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. హెడ్డు, అంటే నా సిలిండర్ల పైమూత, తీసినప్పుడు నా లోపలికి ఎండ పడింది. పుట్టాక ఎప్పుడూ పడని చోట అది. సిగ్గుతో ముడుచుకుపోదామంటే ఇనుముకి ముడుచుకోవడం రాదు.

రోజూ మధ్యాహ్నం సన్యాసమ్మ వచ్చి పక్కన కూర్చునేది. జమున బిడ్డకోసం మొలతాడు పేనుతూ, దుప్పటి మీద ఉన్నవాటిని ఒకటొకటి పట్టి చూసేది. జమున పరీక్షకి వచ్చిన రోజున సన్యాసమ్మ తన కొంగుముడి విప్పి ఏదో ఆమె చేతిలో పెట్టి పంపింది. ముసలివాళ్ల కొంగుముళ్లలో ఏముంటుందో నాకెందుకని ఊరుకున్నాను.

కొత్త రింగులు పడ్డాయి. పట్నంలో చెక్కించిన హెడ్డు వచ్చింది. నూకరత్నం దాని బోల్టులని మధ్యనుంచి అంచులకి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించింది. ఏ మేస్త్రీ నన్ను అంత మర్యాదగా బిగించలేదు. నా భయం సగం తగ్గింది. ఆ సగం తగ్గిన రోజునే అసలు భయం వచ్చింది.

కార్బొరేటరు తొడిగే ముందు నూకరత్నం ఎవరికో టీకా వెయ్యడానికి లోపలికి వెళ్లింది. గాలి దుమ్ము లేపుతోంది. గవరయ్య కుర్చీ దిగాడు. అన్ని రోజుల్లో ఆయన దిగింది ఆ ఒక్కసారే. నేను గాలి పీల్చే దారిలోకి దుమ్ము పోకుండా ఒక గుడ్డపీలిక కుక్కాడు. మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. చుట్ట వెలిగించాడు. మరిచిపోయాడు.

నూకరత్నం వచ్చి, ఆ గుడ్డ మీదుగానే కొత్త కార్బొరేటరు తొడిగి బిగించేసింది. ఆవిడ తప్పు లేదు. పీలిక లోపలికంటా దిగిపోయి కనిపించలేదు. నేను నిలువునా చల్లబడిపోయాను. నలభై ఏళ్లు బస్సులు విప్పిన మనిషి చేసిన పని ఇది. కొత్త చేతులకి భయపడ్డాను కానీ పాత చేతులకి భయపడాలని ఎవరు చెప్పారు? నన్ను స్టార్టు చేస్తే దగ్గుతూనైనా నడుస్తాను. కొండెక్కేటప్పుడు గాలి గట్టిగా లాగితే ఆ పీలిక జరిగి జరిగి వాల్వులో ఇరుక్కుంటుంది. అది ఎక్కడ జరుగుతుందో కూడా నాకు తెలుసు. ఏడో మలుపులో. అరుద్దామంటే నాకున్న నోరే అది, అందులోనే గుడ్డ ఉంది.

"ఇంక తాళం తిప్పు" అన్నాడు గవరయ్య.

నూకరత్నం నోటు పుస్తకం తెరిచింది. ఒక్కొక్కటీ చదువుతూ ఖాళీ కవర్లు సరిచూసింది. చివరికి వచ్చి ఆగింది. "స్పార్కు ప్లగ్గుల కింద వేసే రాగి వాషర్లు నాలుగండి. మూడే ఉన్నాయి."

"పోతే పోయింది, నా డబ్బాలో ఒకటుంది, ఇస్తాను."

"అది కాదండి. నాలుగోది ఎక్కడుంది? హెడ్డు తీసి ఉన్నప్పుడు లోపల పడిందేమో."

"నలబై ఏళ్లు సూశాను నర్సమ్మా. బిగించాక ఒకటి తగ్గుద్ది, ఒకటి మిగుల్తాది. అలాటివన్నీ లెక్కేస్తే బస్సులు కదలవు."

"ఆపరేషన్ల క్యాంపులో పొట్ట కుట్టే ముందు గుడ్డలూ కత్తెర్లూ లెక్కపెడతామండి. లెక్క కలవకపోతే కుట్టరు. అక్కడ నాకొచ్చింది అదొక్కటే."

"జమునకి ఈ వారంలోనే కదా. మళ్లీ ఇప్పితే రెండు రోజులు పోతాయి."

"అందుకేనండి విప్పుతున్నాను" అంది నూకరత్నం, స్పానరు తీసుకుని.

గవరయ్య ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ మొదట కార్బొరేటరు విప్పింది. టార్చి వేసి చూసింది. సన్నటి పట్టకారు లోపలికి పెట్టి మెల్లగా లాగింది. జానెడు పొడుగు గుడ్డ బయటికొచ్చింది. గవరయ్య లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"నానే పెట్టాను" అన్నాడు. గుడ్డ వైపు చూస్తూ, "నువ్వు నా మాట ఇనుంటే" అన్నాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

నూకరత్నం ఆయనకి గ్లాసుతో మంచినీళ్లిచ్చి, హెడ్డు కూడా తీసింది. వాషరు లోపల లేదు. షెడ్డంతా ఊడ్చినా దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం, హెడ్డు మళ్లీ సగం బిగించి ఉండగా, పైగూడెం నుంచి ఫోను వచ్చింది. జమునకి నొప్పులు మొదలయ్యాయి.

నూకరత్నం ఫోను పెట్టేసి స్పానరు అందుకుంది. మిగిలిన బోల్టులని అదే వరసలో, మధ్యనుంచి అంచులకి బిగించింది. ఒక్కటీ దాటెయ్యలేదు. గవరయ్య ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టాడు. నాలుగో ప్లగ్గుకి తన రేకు డబ్బాలోంచి పాత వాషరు తీసి ఇచ్చాడు. పుస్తకం చూసి, "అన్నీ కలిశాయా" అని తనే అడిగాడు. కలిశాయని విన్నాక వచ్చి ముందు సీట్లో ఎక్కాడు.

ఏడో మలుపు. ఆవిడ పళ్లు బిగించింది. నేను కూడా, పళ్లచక్రాలన్నీ బిగించాను. గాలి గొంతు నిండా వచ్చింది. ఎక్కేశాను. ఎక్కానన్న సంగతి నాకే ఎనిమిదో మలుపులో తెలిసింది. గవరయ్య ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రానికి జమున కింద ఆసుపత్రిలో ఉంది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చిందట.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ అన్నిటికంటే నన్ను నిర్ఘాంతపరిచింది ఆ తర్వాత జరిగింది.

నెలన్నరకి, ఒక బుధవారం టీకాల రోజున, కేంద్రం ముందు నా నీడలోనే జమున పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నూకరత్నం బరువు చూడ్డానికి గుడ్డ విప్పింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిల్ల నడుముకి నల్లటి మొలతాడు. మొలతాడుకి, బొడ్డు కింద, మిలమిలలాడుతూ నా నాలుగో వాషరు.

"చిల్లికాణీ అది" అంది సన్యాసమ్మ గర్వంగా. "నీ దుప్పటి మీద దొరికింది. నా చిన్నప్పుడు పిల్లలందరికీ కట్టేవారు, దిష్టి తగలదు. ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి? అందుకే దాచి జమునకిచ్చాను. ఎవరిదో పోయిందని ఎతికావా ఏటి?"

ఆ ముసలావిడ దాన్ని తియ్యకపోతే లెక్క కలిసేది. లెక్క కలిస్తే తాళం తిరిగేది. గుడ్డ లోపలే ఉండేది. నాకు తల తిరిగింది. నూకరత్నానికీ తిరిగినట్టుంది, నా బానెట్టు పట్టుకుని నిలబడింది. జమున భయపడి, మీదైతే విప్పి ఇచ్చేస్తానని ముడి మీద చెయ్యి వేసింది.

"వద్దు, ఉండనీ" అంది నూకరత్నం. లోపలికి వెళ్లి నోటు పుస్తకం తెచ్చింది. రాగి వాషర్లు అన్న చోట, మూడు అని గీత కొట్టి ఉన్నదాన్ని దిద్ది నాలుగు చేసింది. తర్వాత పిల్ల బరువు చూసి, కార్డులో రాసుకుంది.

ఇదంతా జరిగి పదకొండేళ్లయింది. కేంద్రానికి కొత్త బండి వచ్చింది. నన్ను పాతసామాన్ల కొట్లో, ఇనుప మంచాలకీ కుట్టుమిషన్లకీ మధ్య పెట్టారు. రేపో మాపో కొట్టువాడు నన్ను విప్పి, ఇత్తడి ఇత్తడిగా, రాగి రాగిగా వేరు చేస్తాడు. నాతో వచ్చిన రాగి వాషర్లలో ఒకటి తక్కువ వస్తుంది. వాడు వెతకడు, నాకూ వెతకాల్సిన పని లేదు. అది కొండ మీద ఉంది.