వెంట రాని భార్య

“సెలీ ఒక్కతే లేకపోతే నాకీపాటికి శాశ్వత నివాసం వచ్చేసేది” అన్నాడు ఎల్మర్.

సెలీ అంటే నేనే, అతని భార్యని. ఆ మాట ముందుగదిలో అన్నాడు. నేను వంటింట్లో అతని పుట్టినరోజు నూడుల్స్ కలుపుతున్నాను. మా ఊరు ఇలోయిలోలో ఈ నూడుల్స్ తుంచకూడదు, తుంచితే ఆయుష్షు తుంచినట్టే. మూకుడు చిన్నది. పొడుగు పోగులన్నీ అంచుల మీంచి జారిపోతుంటే రెండు గరిటెలతో అవస్థ పడుతున్నాను. ఇంతా చేసి, ఈ కెనడాలో స్థిరపడతామని అడిగేవాళ్లకి వయసు పెరగడమే నష్టం. ముప్పై వచ్చాక ప్రతి పుట్టినరోజుకీ కొన్ని పాయింట్లు కోసేస్తారు. వయసు, చదువు, ఇంగ్లిష్, ఉద్యోగం అన్నీ తూచి, గీతకి పైనున్నవాళ్లనే పిలుస్తారు. ఎల్మర్ ప్రతిసారీ గీతకి కాస్త కిందే ఆగిపోతున్నాడు.

“పెళ్లాం ఉంటే పాయింట్లు తగ్గుతాయట్రా?” అన్నాడు అతని స్నేహితుడు రోడెల్.

“పెళ్లాం ఉంటే కాదు, ఇలాంటి పెళ్లాం ఉంటే. ఇంగ్లిష్ పరీక్ష తగలేసింది. ఇక్కడ పనిచేసిన అనుభవం గుండుసున్నా.”

“నా పిల్లలతో రోజంతా ఆడుకోవడమేగా దాని ఉద్యోగం!” అంది ఒఫీలియా. ఆమె ఎల్మర్ అక్క. విన్నిపెగ్‌లో ఈ ఇల్లు ఆమెదే. కింద నేలమాళిగలో మేం ఉంటాం.

అందరూ నవ్వారు. పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది. అతనన్న మాటకంటే నాకు అదే ఎక్కువ సిగ్గు.

ఒఫీలియా ఈ దేశం వచ్చిన కొత్తలో ముక్కూ మొహం తెలియని ముసలమ్మలకి స్నానాలు చేయించింది. ఆ పని చూపించే ఆమె ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయింది. తప్పేం లేదు, కష్టపడింది. అదే స్నానం నేను రోజూ ఆమె తల్లికి, మా అత్తగారికి, చేయిస్తాను. నానాయ్, అంటే అమ్మా, అని పిలుస్తాను, పక్క మారుస్తాను, మాత్రలు మింగిస్తాను, పిల్లల ముక్కులు తుడుస్తాను. జీతం లేదు కాబట్టి అది పని కాదు. ఇలోయిలో హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. నా డిగ్రీ పట్టాని ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలంటే రుసుం కట్టి పంపించాలి. “ముందు నాది అవనీ” అన్నాడు ఎల్మర్. నాది అలాగే ఉండిపోయింది. ఇంగ్లిష్ పరీక్ష పోయింది కూడా నాకు భాష రాక కాదు. “మీరేం పని చేస్తారు?” అని అడిగిందొకావిడ. ఇంట్లో విన్న మాటే నోట్లోకి వచ్చింది. “ఏమీ లేదు” అన్నాను. ఆవిడ ఇంకా చెప్పమన్నట్టు చూస్తూ కూర్చుంది. నేను తల దించుకున్నాను. ఈ సంగతి ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు.

వచ్చినవాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతుంటే ఎల్మర్ పక్కన నిలబడ్డాడు. గిన్నె తుడవడానికి గుడ్డ కూడా అందుకున్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

“రోడెల్ ఒక దారి చెప్పాడు సెలీ. దరఖాస్తులో నిన్ను ‘వెంట రాని భార్య’ అని రాస్తే చాలట. నన్ను ఒంటరివాడిలా లెక్కేస్తారు. గీత దాటేస్తాను.”

“నేనిక్కడే ఉన్నాను కదా?”

“కాగితం మీదేగా! నాకు వచ్చాక నిన్ను పిలిపించుకోనూ? ఎవరైనా అడిగితే ఇలోయిలో వెళ్లిపోతున్నానని చెప్పు. నీ సొమ్మేం పోయింది?”

పక్కగదిలోంచి నానాయ్ గొంతు. “మొగుడు పైకొస్తుంటే అడ్డం పడకే తల్లీ!”

ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది. ఇన్నాళ్లకి నేను పనికొచ్చే దారి దొరికింది, లేకుండా పోతే చాలు అనుకున్నాను. అలా అనుకున్నది నేనే అని తెలిశాక మాత్రం కుళాయి కింద చేతులు ఆగిపోయాయి. ఏ పరీక్ష గదిలోనూ నేను ఇంత చిన్నదాన్ని కాలేదు.

“ఏదీ, ఒకసారి చెప్పు” అన్నాడు. “నేనే ఆఫీసర్ననుకో. మీరు భర్త వెంట ఉంటారా?”

“లేదు… ఇలోయిలో…”

“ఏంటా నసుగుడు? కళ్లు దించకు. సిగ్గుపడుతూ చెబితే ఇట్టే పట్టేస్తారు. మళ్లీ చెప్పు.”

మళ్లీ చెప్పాను. ఈసారీ కళ్లు కిందికే దిగిపోయాయి. అతను విసుక్కుని గుడ్డ బల్లమీద పడేశాడు.

“ఇంత చిన్న మాట కూడా చేతకాదా నీకు?”

కుళాయి కట్టేశాను. చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగాను. కళ్లలోకి చూశాను.

“నేను నా భర్త వెంట ఉండడం లేదు. మా ఊరికి వెళ్లిపోతున్నాను. అక్కడ నాకు ఉద్యోగం ఉంది. నేను కెమిస్ట్రీ టీచర్ని.”

“అద్గదీ!” ఎల్మర్ చప్పట్లు కొట్టాడు. “ఈసారి అచ్చం నిజంలానే ఉంది. ఎలా చెప్పావే?”

“నిజమే కాబట్టి” అన్నాను.