చెవి ఎత్తు

దేవానందం నిచ్చెన మీంచి మూడోసారి దిగాడు. భుజాన ఉన్న స్పీకరు పెట్టెను నేలకు దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. దూలాల కింద, పెద్దల పటాల వరసలో రెండు పెట్టెలూ బిగించమంటాడు పున్నారావు. అక్కడుంటే వీధిలోంచి కూడా కనపడతాయట.

"కనపడటానికి కాదు బాబూ ఇయ్యి, వినపడటానికి. కూర్చున్న మనిషి చెవికెదురుగా ఉండాల. అంత పైన కడితే పాట బల్లులు వింటయ్యి."

పున్నారావు నవ్వలేదు. శావల్యాపురంలో రైసుమిల్లు అతనిది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మద్రాసు నుంచి స్టీరియో తెప్పించి వారమైంది. చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు. సాయంత్రం నాలుగింటికి సమితి ప్రెసిడెంటు వస్తున్నాడని పొద్దున్నే లారీ పంపి నరసరావుపేట నుంచి దేవానందాన్ని పిలిపించాడు.

"ఒరే, నీకు మైకుసెట్టు తెలుసు. ఇది స్టీరియో," అన్నాడు.

దేవానందం నిచ్చెన మళ్ళీ గోడకు ఆనించాడు. తనకు తెలిసింది ఏమిటో ఈ మనిషికెలా చెప్పడం? పద్దెనిమిదో ఏట తాటిచెట్లెక్కి మీటింగులకు మైకు గొట్టాలు కట్టాడు. మాచర్లలో జారిపడి జబ్బ విరిగింది. యాభై రెండేళ్ళొచ్చినా ఎడమచెయ్యి భుజం దాటి లేవదు. తరవాత ఇరవై రెండేళ్ళు సినిమాహాల్లో తెర వెనక స్పీకర్ల పని. వచ్చిన ప్రతి సినిమానూ వెనక నుంచి, కుడి ఎడమలు తారుమారుగా, నిలబడే చూశాడు. ఆట లేనప్పుడు వరస వరసకూ పోయి కుర్చీల పక్కన వంగి, ఎక్కడ మాట మసకేస్తుందో విని సరిచేశాడు. ఊరంతా హాయిగా కూర్చుని విన్నది. అతన్ని కూర్చోమన్న వాళ్ళు లేరు.

దూలాల కింద బిగించి చూపించాక పున్నారావుకే నచ్చలేదు. గొంతు ఎక్కడో మిద్దెమీద పాడుతున్నట్టుంది. "ఇదేంది, రేడియో కన్నా అన్యాయంగా ఉంది. నీ పనితనమేనా ఇది?" అన్నాడు. చెప్పిన మాట చెప్పినట్టు చేసినందుకు తిట్లు కూడా తనకే. దేవానందం పెట్టెలు దించాడు.

పెరట్లోంచి రెండు పాత బల్లలు తెచ్చి, కాళ్ళు కోసి ఎత్తు తగ్గించాడు. పెట్టెలను మూలల నుంచి మూరెడు ఇవతలికి లాగి, వాటి మీద నిలబెట్టాడు. మూలకు నెడితే డప్పుమోతే గానీ పాట ఉండదు. ఎదురుగా పున్నారావు పేముకుర్చీ. పెట్టెల మధ్య ఎంత దూరమో కుర్చీకి అంతే దూరం. ఇక ఆ కుర్చీలో కూర్చుని విని, అంగుళం అంగుళం జరుపుకోవాలి.

దేవానందం కుర్చీవైపు చూశాడు. పున్నారావు అది గమనించాడు. దేవానందం కులంవాళ్ళు ఆ ఇంట్లో కుర్చీలో కూర్చోవడం ఏనాడూ లేదు.

"నేను కూర్చుంటా. నువ్వు జరుపు," అన్నాడు పున్నారావు.

దేవానందం కుడిపెట్టె జరిపాడు. పున్నారావు బాగుందన్నాడు. ఎడమది తిప్పాడు. ఇంకా బాగుందన్నాడు. అనుమానమొచ్చి దేవానందం ఒక పెట్టె తీగ ఊడదీశాడు.

"ఆఁ, ఇప్పుడు కుదిరిందిరా," అన్నాడు పున్నారావు.

దేవానందం ఊడిన తీగ కొసను ఎత్తి చూపించాడు. పున్నారావు మొహం గంటు పెట్టుకుని లేచాడు. కుర్చీని కాలితో పక్కకు తోశాడు. "అట్టయితే ఆడ మోకాళ్ళమీద కూర్చుని విను."

దేవానందం మోకరిల్లాడు. చర్చిలో దేవుడి ముందు తప్ప ఎక్కడా వంచని మోకాళ్ళు. మెడ వంచి, ఎత్తి, విన్నాడు. లేచి పెట్టె జరిపి మళ్ళీ మోకరిల్లాడు. అట్లా పదకొండు సార్లు. గచ్చు ఒరుసుకుని మోకాళ్ళు మండాయి. అంతకన్నా ఎక్కువగా లోపల మండింది. ఇంతలో మిల్లులో బెల్టు తెగిందని కబురొస్తే పున్నారావు వెళ్ళాడు.

దేవానందం లేచాడు. కుర్చీని దాని చోటుకి లాగి, అందులో కూర్చున్నాడు. వీపు ఆనించాడు. రెండు చేతులూ కుర్చీ చేతులమీద పెట్టాడు.

ఎడమపెట్టె వేలెడు లోపలికి తిప్పవలసి ఉంది. తిప్పి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అంతే, గొంతు పెట్టెల్లోంచి రావడం మానేసింది. రెంటికీ నడుమ, ఏమీ లేని చోట, ఒక మనిషి నిలబడి తనకోసమే పాడుతున్నట్టయింది. ఆ పక్కన వయొలిన్, ఈ పక్కన మృదంగం.

వంటింటి గడపలో పున్నారావు తల్లి సరస్వతమ్మ నిలబడి చూస్తోంది. దేవానందం లేవలేదు. ఆమె కూడా లెమ్మనలేదు.

"ఎవరో వచ్చి పాడతన్నట్టే ఉంది గదరా," అంది నెమ్మదిగా.

అప్పుడే పున్నారావు గుమ్మంలోకి వచ్చాడు. "లెగరా," అన్నాడు.

"ఈ పాట కానీయండి."

"నా కుర్చీలో కూర్చుని నాకే చెప్తన్నావా?"

"ఇందాకటి నుంచి మోకాళ్ళమీద విన్నా బాబూ. కుదర్లా. ఇది మనిషి కూర్చుని వినేది."

"వాడు కూర్చోబట్టే గదరా కుదిరింది," అంది సరస్వతమ్మ.

పాట అయిందాకా దేవానందం కదల్లేదు. ఆ తరవాత లేచి, పనిముట్లు సంచీలో వేసుకుని, సరస్వతమ్మకు దణ్ణం పెట్టి బస్సుకు నడిచాడు. ఇంటికెళ్ళి భార్య మణెమ్మతో ఒకటే అన్నాడు: "ఇయ్యాల కూర్చుని విన్నానే."

ఆ ఏడు క్రిస్మస్‌కు పది రోజుల ముందు, మధ్యాహ్నం అన్నం తిని గోడకు చేరగిలబడినవాడు చేరగిలబడినట్టే పోయాడు. శావల్యాపురానికి ఆ కబురు ఎవరూ మోసుకుపోలేదు.

దేవానందం స్టీరియో కుదిర్చి వెళ్ళిన సాయంత్రమే, ప్రెసిడెంటు రాకముందే, పున్నారావు ఆ కుర్చీని ఇంట్లోంచి తీయించేశాడు. గుంటూరు నుంచి సోఫా వచ్చింది. అది కుర్చీకన్నా జానెడు ఎత్తు. మళ్ళీ ఆ గొంతు నడుమ నిలబడలేదు. గుంటూరు మెకానిక్కులు ఇద్దరు వచ్చి పెట్టెలు అటూ ఇటూ జరిపి వెళ్ళారు. సోఫా ఎత్తు ఎవరూ కొలవలేదు. మద్రాసువాళ్ళు నాసిరకం సరుకు అంటగట్టారని పున్నారావు ఇప్పటికీ వచ్చినవాళ్ళకు చెబుతుంటాడు.

మిల్లు కొట్లో, తవుడు బస్తాల వెనక, పేముకుర్చీ గోడవైపు తిరిగి ఉంది.